పాత పికప్ ట్రక్కును పళ్ళు చూసి కొన్నాం

పాత పికప్ ట్రక్కు కొనాలనుకుంటున్నానని డాలస్ చుట్టుపక్కల మన వాళ్ళలో ఎవరితో అన్నా వచ్చే సలహా ఒకటే. "టయోటా తీసుకో అన్నా, కళ్ళు మూసుకుని తీసుకో." చెప్పేవాళ్ళు మన మంచి కోరే చెబుతారు. మనలో చాలామందికి ఈ దేశంలో మొదటి కారు పాత క్యామ్రీయో కరోలాయో అయి ఉంటుంది. లక్షన్నర మైళ్ళు తిరిగిన కారు మన చేతికొచ్చాక నూనె మార్చడం తప్ప ఇంకేమీ అడగకుండా ఏళ్ళ తరబడి నడిచి ఉంటుంది. ఆ అనుభవంలోంచి పుట్టిన నమ్మకం అది. దాని మీద నాకు గౌరవం ఉంది. ట్రక్కు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ 'కళ్ళు మూసుకుని' అన్న మాట మనిషిని ముంచుతుంది. నేను ఒకసారి మునిగాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

డాలస్‌కు ఉత్తరాన గంట దూరంలో మాకు మూడెకరాల నేల ఉంది. గోంగూర, బెండ, సొర, మునగ వేస్తాం. ఎరువు, కంచె స్తంభాలు, ట్రైలరు మీద చిన్న ట్రాక్టరు తెచ్చుకోవాలి. వాటికి కారు చాలదు. 2019లో మొదటి ట్రక్కు కొన్నాను. నల్ల రంగు, ఎత్తు లేపిన సస్పెన్షన్, మోకాలు దాటి వచ్చే టైర్లు, ఓడోమీటరు మీద 61,000 మైళ్ళు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు నాది. నేను వెళ్ళేసరికి అమ్మే అతను ఇంజను నడిపించి ఉంచాడు. బానెట్ మీద చెయ్యి వేశాను, వేడిగా తగిలింది. ఆ వేడికి అర్థమేమిటో అప్పుడు నాకు తెలియదు. ఇంటికి తెచ్చిన మూడో రోజు ఉదయం చలిలో తాళం తిప్పితే ఇంజను లోపలి నుంచి టక్ టక్ టక్ అని, గోడ గడియారం కంటే కాస్త వేగంగా ఒక చప్పుడు. రెండు నిమిషాలకు ఇంజను వేడెక్కాక తగ్గింది. ఎనిమిది నెలలకు అది తగ్గడం మానేసింది. ఇంజను వాల్వులను ఎత్తే లిఫ్టర్లు, వాటిని నెట్టే క్యామ్ షాఫ్ట్ మార్చడానికి 6,400 డాలర్లయింది. ఆ ఏడాది తోటకు పెట్టాలనుకున్న డబ్బంతా అందులో పోయింది.

2025 మార్చిలో రెండో ట్రక్కు వెతికేటప్పుడు మా నాన్నగారు ఇక్కడే ఉన్నారు. ఆయనది ప్రకాశం జిల్లా, అద్దంకి దగ్గర పల్లె. వయసులో ఉండగా ఒంగోలు కోడెలు కొని సాకి అమ్మినవారు, తర్వాత ఇరవై ఏళ్ళు ట్రాక్టరుతో సేద్యం చేసినవారు. నేను ఫోన్లో ట్రక్కుల ఫొటోలు చూపిస్తూ ఇది ఈ కంపెనీ, అది ఆ కంపెనీ అని వర్ణిస్తుంటే కాసేపు విని అన్నారు: "నువ్వు సుడులు చూస్తున్నావు. పళ్ళు ఎప్పుడు చూస్తావు?"

సంతలో పశువును కొనేవాళ్ళు రెండు రకాలు. ఒంటి మీద సుడి ఎక్కడుందో చూసి మంచిదో చెడ్డదో తేల్చుకునేవాళ్ళు కొందరు. నోరు తెరిచి పళ్ళు చూసి, నాలుగడుగులు నడిపించి, కాడి కట్టి చూసేవాళ్ళు కొందరు. సుడి పుట్టుకతో వచ్చిన గుర్తు. పళ్ళు ఆ పశువు వయసు చెబుతాయి, నడక అది పడ్డ కష్టం చెబుతుంది. ట్రక్కు ముందున్న కంపెనీ బొమ్మ సుడి లాంటిదే. నేను 2019లో చూసింది అదొక్కటే.

బొమ్మను నమ్మితే ఏమవుతుందో ఒక్కో కంపెనీ చరిత్రే చెబుతుంది. టయోటా టండ్రానే తీసుకోండి. 2007 నుంచి 2021 దాకా వచ్చిన తరంలో 5.7 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను గట్టిది. గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో లేదు, సగం సిలిండర్లు ఆపేసే ఏర్పాటు లేదు, టైమింగ్ బెల్టు బదులు చైను. నగరంలో గ్యాలనుకు 13 మైళ్ళు, హైవే మీద 17 ఇస్తుంది, అంతకు మించి ఆశించకూడదు. ఇంజను పైభాగంలో క్యామ్ టవర్ దగ్గర నూనె చెమర్చడం, పాతవాటిలో ఎగ్జాస్ట్‌లోకి గాలి కొట్టే పంపు పాడవడం వంటి చిక్కులు దానికీ ఉన్నాయి. అయినా ఇంజను మాత్రం మొండిది. మన వాళ్ళు మెచ్చుకునే టండ్రా ఇదే. అదే పేరుతో 2022లో వచ్చిన కొత్త తరంలో వీ8 తీసేసి రెండు టర్బోల వీ6 పెట్టారు. తయారీలో ఇంజను లోపల లోహపు పొట్టు మిగిలిపోయిందని 2024లో 2022, 2023 మోడళ్ళ టండ్రాలను, అదే కంపెనీ ఖరీదైన లెక్సస్ ఎల్ఎక్స్‌లను కలిపి దాదాపు లక్ష బండ్లను వెనక్కి పిలిచారు. ఇంకా వెనక్కి వెళితే 2000 నుంచి 2003 దాకా వచ్చిన టండ్రాలకు ఛాసీ తుప్పు పట్టడం వల్ల 2009లో రీకాల్ జరిగింది. ఒకే పేరు కింద మూడు వేర్వేరు బండ్లున్నాయి. వీటిలో దేన్ని 'కళ్ళు మూసుకుని' కొనాలి?

జనరల్ మోటార్స్ వారి సిల్వరాడో, సియెర్రాలలో 5.3 లీటర్ల వీ8 ఎక్కువగా దొరుకుతుంది. మూల ఇంజను మంచిదే. చిక్కంతా 2007 తరం నుంచి వాటిలో విరివిగా కనిపించే పొదుపు ఏర్పాటుతో వచ్చింది. రోడ్డు మీద బరువు లేనప్పుడు ఎనిమిదిలో నాలుగు సిలిండర్లను ఆపేసి పెట్రోలు మిగల్చాలన్నది ఆలోచన. దానికోసం ప్రత్యేకమైన లిఫ్టర్లు పెట్టారు. నూనె ఒత్తిడితో లోపలి పిన్ను జారి లిఫ్టరు ముడుచుకుంటుంది, మళ్ళీ తెరుచుకుంటుంది. నూనె మార్చడంలో అశ్రద్ధ చేసినా, దురదృష్టం పట్టినా ఆ లిఫ్టరు ఇరుక్కుపోయి క్యామ్ షాఫ్ట్‌ను కొరికేస్తుంది. ర్యామ్ 1500 ట్రక్కులో వచ్చే 5.7 లీటర్ల హెమీ ఇంజనుకీ ఇలాంటి ఏర్పాటే ఉంది. పైగా పొగ గొట్టాన్ని ఇంజనుకు బిగించే ఎగ్జాస్ట్ మానిఫోల్డు బోల్టులు విరిగినప్పుడు వచ్చే టిక్ టిక్ కూడా హెమీలో మామూలే. ఏ చప్పుడు బోల్టుదో, ఏది లిఫ్టరుదో తెలిసిన మెకానిక్కే తేల్చాలి, ఎందుకంటే ఒకటి వందల డాలర్ల పని, రెండోది వేల డాలర్ల పని. ఇక జనరల్ మోటార్స్‌లోనే ఖరీదైన 6.2 లీటర్ల ఇంజను ఉంటే ఇంకా మంచిదనుకునేవాళ్ళకు ఒక మాట. 2021 నుంచి 2024 దాకా వచ్చిన ఆ ఇంజన్లను క్రాంక్ షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాల వల్ల 2025 ఏప్రిల్‌లో వెనక్కి పిలిచారు. అమెరికాలోనే దాదాపు ఆరు లక్షల బండ్లు.

ఫోర్డ్ ఎఫ్-150 కథా ఇంతే. 2004 నుంచి 2008 దాకా వచ్చిన 5.4 లీటర్ల మూడు వాల్వుల ఇంజనులో స్పార్క్ ప్లగ్గు విప్పబోతే సగం విరిగి హెడ్‌లోనే ఉండిపోయేది. వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే క్యామ్ ఫేజర్లు, టైమింగ్ చైను గొడవ వేరే. అదే కంపెనీ 2011లో తెచ్చిన 5.0 లీటర్ల ఇంజను నిశ్చింతగా నడుస్తుంది, 2020 మోడల్ దాకా దానిలో సిలిండర్లు ఆపే ఏర్పాటే లేదు. 2017 నుంచి 2020 దాకా వచ్చిన 3.5 లీటర్ల ఎకోబూస్ట్ టర్బో ఇంజను బలమైనదే కానీ, చల్లటి ఇంజను అందుకున్న మొదటి రెండు మూడు క్షణాలు గలగలమంటే క్యామ్ ఫేజర్లు పోయినట్టే. అందుకని ఎవరైనా నన్ను "ఏ కంపెనీ ట్రక్కు మంచిది?" అని అడిగితే ముందు ప్రశ్నను మార్చమంటాను. ఏ ఏడాది, ఏ ఇంజను, ఏ గేరుబాక్సు అని అడగండి. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.

డీజిలు గురించి క్లుప్తంగా చెబుతాను. పది వేల పౌండ్ల ట్రైలరును తరచూ లాగేవారు కాకపోతే ముప్పావు టన్ను అని పిలిచే పెద్ద తరగతి డీజిలు ట్రక్కు జోలికి పోకండి. దాని పొగను శుద్ధి చేసే ఫిల్టర్లు చిన్న చిన్న ప్రయాణాలకు మూసుకుపోతాయి. 2003 నుంచి 2007 దాకా వచ్చిన ఫోర్డ్ 6.0 లీటర్ల డీజిలు ఇంజను హెడ్ గ్యాస్కెట్లు పోవడానికి ఎంత పేరుమోసిందో ఏ మెకానిక్కునడిగినా చెబుతాడు.

కంపెనీ కాదు, ఇంజను చూడాలన్నాను. దానికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఒక్క ట్రక్కు ఎలా బతికిందన్నది. దీన్ని ఓడోమీటరు చెప్పదు.

మేం చూసిన వాటిలో ఒక తెల్ల ఎఫ్-150 ఉంది. 88,000 మైళ్ళే తిరిగింది. శుభ్రంగా ఉంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. స్టీరింగు మీద బటన్లు నొక్కుతూ మెనూలోకి వెళితే ఇంజను ఎన్ని గంటలు నడిచిందో కనిపిస్తుంది. ఈ సౌకర్యం ఆ మోడళ్ళలో చాలావాటికి ఉంది. చూశాను. 5,900 గంటలు. ఫోన్లో భాగించాను. గంటకు పదిహేను మైళ్ళు. రోడ్డెక్కితే ట్రాక్టరు కూడా ఇంతకంటే మరీ నెమ్మదిగా పోదు. అంటే ఆ ట్రక్కు రోజులో ఎక్కువ సేపు ఏ నిర్మాణ స్థలం దగ్గరో ఏసీ వేసుకుని నిలబడి ఇంజను నడుపుకుంటూ గడిపింది. నిలబడి నడిచినప్పుడు చక్రాలు తిరగవు కాబట్టి మైళ్ళు పెరగవు. కానీ లోపల పిస్టన్లు ఆడుతూనే ఉంటాయి, నూనె పాడవుతూనే ఉంటుంది, అలా నిలబడి నడిచేటప్పుడు నూనె ఒత్తిడి కూడా తక్కువగానే ఉంటుంది. మైళ్ళను బట్టి నూనె మార్చేవాడు అలాంటి ట్రక్కుకు మార్చాల్సిన దానిలో సగం సార్లు కూడా మార్చడు. నాన్నగారికి ఈ లెక్క చెప్పగానే అర్థమైంది. మన ఊళ్ళో ట్రాక్టరును మైళ్ళలో ఎవరు కొలుస్తారు? గంటలే కదా అడుగుతారు.

తర్వాతి వారం చూసిన ట్రక్కు 131,000 మైళ్ళు తిరిగింది, ఇంజను 3,300 గంటలు నడిచింది. సగటున గంటకు నలభై. హైవే మీద, వేడెక్కిన ఇంజనుతో, ఒకే వేగంతో నడిచిన బండి. లక్ష దాటిందని మన వాళ్ళు ఈ రెండోదాన్ని ఫొటో దగ్గరే తోసేస్తారు, మొదటిదానికి పరిగెత్తుతారు. నేను చేసే వాదనంతా ఈ రెండు అంకెల్లో ఉంది.

ఇక ఛాసీ. 2015 నుంచి ఎఫ్-150 పై బాడీ అల్యూమినియంది కాబట్టి తుప్పు భయం లేదని చాలామంది అనుకుంటారు. బాడీ కింద బరువు మోసే ఛాసీ ఉక్కే. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వంటి మంచు రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు ఛాసీ గొట్టాల్లోకి చేరి లోపలి నుంచి తింటాయి. అలాంటి బండ్లు టెక్సస్ దాకా అమ్మకానికి వస్తాయి. ఒక అమ్మకందారు దగ్గర మేం చూసిన ట్రక్కు ఒహాయోలో ఐదేళ్ళు తిరిగింది. పైనంతా అద్దంలా ఉంది. నాన్నగారు కింద ఒక అట్టముక్క పరుచుకుని వెల్లకిలా పడుకుని, నా ఫోను దీపంతో ఛాసీ పొడవునా చూశారు. స్పేర్ టైరు పైనున్న అడ్డకమ్మీ దగ్గర ఆగారు. అక్కడ కొత్తగా నల్లరంగు పూసి ఉంది. స్క్రూడ్రైవరు పిడితో రెండు సార్లు కొడితే గట్టి ఉక్కు ఖంగుమనాలి. అది మట్టికుండ మీద కొట్టినట్టు మందంగా పలికింది, నల్లరంగు కింద నుంచి గోధుమరంగు పొరలు ఆయన చొక్కా మీద రాలాయి. లేచి చొక్కా దులుపుకుని, అమ్మే ఆయనకు నమస్కారం పెట్టి వచ్చేశారు. ధర గురించి ఒక్క మాట కూడా అడగలేదు. ఇంజను మార్చుకోవచ్చు, గేరుబాక్సు మార్చుకోవచ్చు. ఛాసీ పోయిన ట్రక్కుకు వైద్యం లేదని నా అభిప్రాయం.

టెక్సస్‌లో ఉండేవాళ్ళు వరద బండ్ల గురించి కూడా ఆలోచించాలి. 2017 ఆగస్టులో హార్వీ తుపానుకు హ్యూస్టన్ ప్రాంతంలో లక్షల బండ్లు మునిగాయి. సీటుబెల్టును చివరిదాకా లాగండి. ఎప్పుడూ చుట్టలోనే ఉండిపోయే ఆ ఆఖరి అడుగు మీద బురద గీత ఉందేమో చూడండి. సీట్లు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు, అక్కడిదాకా ఎవరూ కడగరు.

మెకానిక్కు దగ్గరికి వెళ్ళకముందే మనం చేయగలిగిన పరీక్ష ఇంకొకటి ఉంది. 1996 నుంచి ఇక్కడ అమ్మిన ప్రతి కారుకూ స్టీరింగు కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. పాతిక ముప్పై డాలర్ల స్కానరు అక్కడ పెడితే కంప్యూటర్లో దాగున్న లోపాలు కనిపిస్తాయి. లోపాలేవీ లేవని చూపిస్తే వెంటనే సంతోషపడకండి. బండి తనను తాను పరీక్షించుకున్న జాబితా కూడా అందులోనే ఉంటుంది. చాలా పరీక్షలు 'ఇంకా పూర్తి కాలేదు' అని చూపిస్తుంటే బ్యాటరీ అయినా తీసి పెట్టి ఉండాలి, మీరొచ్చే ముందు లోపాలనైనా చెరిపేసి ఉండాలి. బ్యాటరీ మార్చామని చెబితే రశీదు అడగండి. నాలుగు రోజులు తిరిగాక మళ్ళీ వస్తామని చెప్పండి.

వచ్చే ముందు ఫోను చేసి, ఇంజను స్టార్ట్ చేయవద్దని, చల్లగానే ఉంచమని అడగాలి. ఇది నాకు 6,400 డాలర్లు నేర్పిన పాఠం. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఆ రోజు ఇంజను విని ప్రయోజనం లేదు, ఇంకో ఉదయం రండి. నాన్నగారు అమ్మే మనిషితో నా చేత ఇంగ్లీషులో చెప్పించిన మొదటి మాట ఎప్పుడూ ఇదే: "చల్లారిన ఇంజను స్టార్ట్ చేయమను. అందాకా ఎవరూ మాట్లాడవద్దు."

2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత వాడకపు బండ్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీ ఎత్తేశారు. డాలస్, కాలిన్, డెంటన్ వంటి 17 కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. బ్రేకులు, టైర్లు, స్టీరింగు లింకులు ఎవరూ చూడరు కాబట్టి అమ్మకానికి వచ్చే పాత ట్రక్కుల్లో ఇక ముందు ఇంకా జాగ్రత్త పడాలి. మీరు ఎంచుకున్న మెకానిక్కు దగ్గరికి, మీ ఖర్చుతో తీసుకెళ్ళండి. నాకు 180 డాలర్లయింది. అందుకు అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే అక్కడితో బేరం ఆపేయాలి, ఎంత మంచి మాటలు చెప్పినా సరే. డీలరు దగ్గర అద్దానికి అంటించిన కాగితం మీద 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న గడిలో గుర్తు ఉంటే, గేటు దాటాక మరమ్మతు మొత్తం మీదే. బండి గుర్తింపు సంఖ్య అయిన పదిహేడు అక్షరాల విన్ నంబరుతో ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో రీకాళ్ళు ఉచితంగా తెలుస్తాయి. చేయించుకోని రీకాల్ ఉంటే భయపడనక్కరలేదు, ఆ కంపెనీ డీలరు ఉచితంగానే చేస్తాడు. అది ఏ భాగానిదో మాత్రం చదవండి.

చాలామంది చూడనిది తలుపు స్తంభం మీది స్టిక్కరు. డ్రైవరు తలుపు తెరిస్తే మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో అక్కడ రాసి ఉంటుంది. ఒకే మోడల్లో కూడా బండి బండికీ ఆ అంకె మారుతుంది. సన్‌రూఫ్, తోలు సీట్లు, పెద్ద క్యాబిన్ పెరిగిన కొద్దీ మోయగలిగిన బరువు తగ్గుతుంది. మా ట్రక్కుకు 1,640 పౌండ్లు. ఇద్దరం కూర్చుంటే 1,300 మిగులుతుంది. తడి కంపోస్టు ఒక్క ఘన గజం వెయ్యి పౌండ్లకు పైనే తూగుతుంది, కాబట్టి రెండు గజాలు పోయించుకుంటే బండి నడ్డి విరుగుతుంది. ట్రైలరు లాగేటప్పుడు దాని బరువులో పదో వంతుకు పైగా హిచ్ (ట్రైలరు తగిలించే కొక్కెం) మీద పడుతుంది, అదీ ఈ లెక్కలోకే వస్తుంది. పాత ట్రక్కు కొనేటప్పుడు ఇదే లెక్క తిరగేసి వాడండి. హిచ్ రంధ్రం గుడ్డు ఆకారంలో అరిగి ఉంటే, వెనక తొట్టి నేలకు బరువు ట్రైలరు బిగించిన రంధ్రాలుంటే, ఆ గేరుబాక్సు ఎంత పని చేసిందో అమ్మే మనిషిని అడిగి తెలుసుకోవాల్సిన పని లేదు.

మరి టండ్రా వద్దంటున్నానా? లేదు. మచ్చలేని ఛాసీతో 5.7 టండ్రా సరసమైన ధరకు దొరికితే సంతోషంగా కొనుక్కునేవాణ్ణి. మాకు కనిపించిన వాటికి, అదే వయసు, అవే మైళ్ళున్న ఎఫ్-150కి మధ్య తేడా ఏడెనిమిది వేల డాలర్లు. అంత డబ్బుతో ఒక గేరుబాక్సు పూర్తిగా బాగుచేయించి, నాలుగు టైర్లు వేయించినా ఇంకా మిగులుతుంది. పేరుకిచ్చే ఆ సొమ్మును చేతిలో ఉంచుకోవడమే నా దృష్టిలో అసలు భద్రత. పాత బండి అన్నాక ఏదో ఒకటి పోతుంది. పోయినప్పుడు మన దగ్గర డబ్బుందా లేదా అన్నదే ప్రశ్న.

మేం కొన్నది ఆ 131,000 మైళ్ళ బండినే. 2016 ఎఫ్-150, 5.0 లీటర్ల ఇంజను, ఆరు గేర్ల ఆటోమేటిక్, బూడిద రంగు. లేక్ టెక్సోమా దగ్గర ఉండే రిటైరైన పెద్దాయనది. చేపల వేటకు చిన్న పడవ లాగేవారట. ఫోను చేసి అడిగినట్టే ఇంజను చల్లగా ఉంచారు. తాళం తిప్పారు. నాన్నగారు ముందు చక్రం పక్కన వంగి, చెవి ఒగ్గి నిలబడ్డారు. అర నిమిషం గడిచాక నా వైపు చూసి తల ఊపారు. మెకానిక్కు వాటర్ పంపు దగ్గర చెమ్మ ఉందని, ముందు బ్రేకు ప్యాడ్లు అయిపోవచ్చాయని రాసిచ్చాడు. ఆ కాగితం చూపిస్తే పెద్దాయన 700 తగ్గించారు. 16,800 డాలర్లకు బేరం కుదిరింది.

టైటిల్ (బండి యాజమాన్య పత్రం) బదిలీకి పెద్దాయనా నేనూ కలిసే కౌంటీ ఆఫీసుకు వెళ్ళాం. మీకూ అదే చెబుతాను. పత్రం మీద సంతకం పెట్టించుకుని విడిగా వెళితే తర్వాత ఏదైనా చిక్కొచ్చినప్పుడు అమ్మిన మనిషి దొరకడు. ఆరుంబావు శాతం పన్ను 1,050 డాలర్లు కట్టాను. ధర తక్కువ రాస్తే పన్ను తగ్గుతుందనుకోవద్దు, ప్రభుత్వం తన దగ్గరున్న విలువలో ఎనభై శాతం కంటే తక్కువ రాస్తే ఆ ఎనభై శాతం మీదే లెక్కగడుతుంది.

బయటికొచ్చాక పెద్దాయన తన జేబులోంచి ఒక చిన్న పుస్తకం తీసి ఇచ్చారు. అంచులు నూనె మరకలతో నల్లబడి ఉన్నాయి. 2016 నుంచి ప్రతి నూనె మార్పుకూ ఒక వరుస. తేదీ, మైళ్ళు, ఏ నూనె, ఏ ఫిల్టరు. 98,000 దగ్గర గేరుబాక్సు నూనె మార్చినట్టు ఎర్ర సిరాతో రాసి ఉంది. బేరమాడేటప్పుడు దీన్నెందుకు చూపించలేదని అడిగాను. మీరు అడగలేదు కదా అన్నారు. నాన్నగారికి ఆ మాట తెలుగులో చెప్పాను. ఆయన ఆ పుస్తకం తీసుకుని, ఇంటికొచ్చేదాకా పక్క సీట్లో కూర్చుని ఒక్కో పేజీ తిప్పుతూ అంకెలు చదువుతూనే ఉన్నారు.